దివాన్‌గారు ఎంచిన జాకీ

మోటారు కార్లు కొత్తగా దిగిన రోజుల్లో ఒక జమీందారుగారు కారు కొన్నారండీ. ఏం కారు! దాని పొట్ట నేలకి బెత్తెడెత్తున ఉండేది. ఓనాడు దాని చక్రానికి పంచరైంది. కారు లేపితేగానీ చక్రం ఊడదు కదా, జాకీ కొనడానికి డ్రైవరు పోలినాయుణ్ణి వెంటేసుకుని దివాన్‌గారు బజారుకెళ్లారు.

"ఈ పొట్టిది చాలు బాబూ," అన్నాడు పోలినాయుడు.

దివాన్‌గారు మీసం దువ్వారు. "దొరవారి కారుకి పొట్టిదా? పరువుండొద్దూ! ఆ పొడుగుది తియ్యి. రేపు దొరవారు పెళ్లికి బయల్దేరేసరికి చక్రం మారలేదో, నీ ఉద్యోగం ఊడినట్టే!"

పోలినాయుడు పొడుగుది తీసుకున్నాడు. కొట్టువాణ్ణి బతిమాలి పొట్టిది కూడా వెంట తెచ్చుకున్నాడు.

తెల్లారి దొరవారు ముస్తాబై వచ్చి నిలబడ్డారు. పోలినాయుడు దివాన్‌గారి వైపు తిరిగి వినయంగా, "కోటలోకి ఏ కొత్త వస్తువొచ్చినా ముందు తమరే చెయ్యి వెయ్యాలని తమరే ఆచారం పెట్టారు కదా బాబూ. జాకీ తమరే కారు కింద పెట్టండి," అన్నాడు.

దివాన్‌గారు వంగారు. జాకీ దూరలేదు. మోకాళ్ల మీద కూలబడి తోశారు. తలపాగా దొర్లుకుంటూ కారు కిందకి పోయిందిగానీ జాకీ మాత్రం బయటే నిలబడింది!

"ఒరేయ్, ఆ పొట్టిది పట్రా!" అని గొణిగారు.

పొట్టిది సులువుగా దూరింది. కారు లేచింది, చక్రం మారింది.

"భలే జాకీరా! ఎవరు ఎంచారు?" అన్నారు దొరవారు నవ్వాపుకుంటూ.

పోలినాయుడు కారు కింద నుంచి తలపాగా తీసి, దుమ్ము దులిపి దివాన్‌గారికి అందించాడు.

"దివాన్‌గారే బాబూ. మోకాళ్ల మీద కూర్చుని మరీ ఎంచారు!"