పంక్తిలో మొదటి ముద్ద

చిదంబర స్వామికి ఒక అలవాటుండేది. ఎవరైనా గట్టి ప్రశ్న పట్టుకొచ్చి ఎదుట కూర్చుంటే, ముందు భోజనం కానిమ్మనేవారు. కడుపు నిండితే సగం ప్రశ్నలు వాటంతటవే నిద్రపోతాయని మఠంలో ఒక వేళాకోళం ఉండేది. కేదారి తెచ్చిన ప్రశ్న మాత్రం నిద్రపోయే రకం కాదు. దాని మూలంగా అతనికే కొన్నాళ్ళుగా కంటిమీద కునుకు లేదు.

కేదారి మఠంలో ఉండి వేదాంతం చదువుకుంటున్నవాడు. అతని అన్న విరూపాక్షి గండ్లూరులో చిన్న వారపత్రిక నడుపుతాడు. ఆ ఊళ్ళో సర్కారువారు కొత్తగా మంచినీళ్ళ ట్యాంకు కట్టించారు. మంత్రిగారొచ్చి రిబ్బను కత్తిరించి, గ్లాసు నీళ్ళు ఫొటో కోసం పెదవులదాకా తీసుకెళ్ళి దించేశారు. తరవాత ఆ నీళ్ళు తాగిన పిల్లలు వాంతులతో మంచం పట్టారు, ఇద్దరు పోయారు కూడా. ఈ సంగతి ఊరంతటికీ తెలుసు, కానీ అచ్చువేసినవాడు విరూపాక్షి ఒక్కడే. మర్నాడే నలుగురు జవాన్లు వచ్చి, అచ్చు యంత్రానికి తాళం వేసి, అతన్ని నడిబజారులోంచి నడిపించుకుపోయారు. అంగళ్ళవాళ్ళు తలలు వంచుకుని తూకం రాళ్ళు సర్దుకున్నారు.

ఇప్పుడు ఆ జవాన్ల పై అధికారి కేదారికి కబురు పంపాడు. రేపు ట్యాంకు దగ్గర సభ. కేదారి నలుగురి ఎదుట ఆ నీళ్ళు తాగి, ఇవి అమృతంలా ఉన్నాయి, మా అన్నకు చిన్నప్పటినుంచీ మతి స్థిమితం లేదు అని చెప్పాలి. చెబితే అన్నను వదులుతారు. చెప్పకపోతే అతని ముఖం మళ్ళీ చూసే ఆశ పెట్టుకోవద్దన్నాడు.

కేదారి ఇదంతా స్వామికి చెప్పుకుని ఏడ్చాడు. అన్న కోసం బెంగ పడుతూనే ఊరిమీద కోపం ఆపుకోలేకపోయాడు.

"వచ్చింది నలుగురు జవాన్లు, స్వామీ. ఊళ్ళో వేలమంది ఉన్నారు. తమ పిల్లలే పోయినా, తెలిసిన నిజాన్ని అంతమందీ ఎలా మింగి ఊరుకున్నారు?" అని అడిగాడు.

"ముందు భోజనం కానీ, నాయనా," అన్నారు స్వామి.

కేదారికి ఒళ్ళు మండింది. అయినా లేచి వెళ్ళి పంక్తిలో కూర్చున్నాడు.

ఆ మఠంలో వంటకు ఒక కట్టుబాటుంది. నైవేద్యం అయి, పంక్తులన్నీ లేచేదాకా వంటవాడు ఏదీ నాలికమీద వేసుకోకూడదు. ఇళ్ళల్లో అయితే దోసకాయ తరిగేటప్పుడు చిన్న ముక్క కొరికి చేదు చూస్తారు. ఇక్కడ అదీ లేదు. దేవుడు ఎలాగూ ఫిర్యాదు చెయ్యడు గనక, వంట సంగతి మనుషులే చెప్పాలి. అందుకని ముందు మఠంవాళ్ళ పంక్తికి వడ్డించి, వంటవాడు వెంకోబు చేతులు కట్టుకుని నిలబడతాడు. అందులో పెద్దవాడు మొదటి ముద్ద తిని ఉన్నమాట చెబుతాడు. బాగుందంటేనే ఎదుటి పంక్తికి వడ్డన. ఆ పంక్తిలో కూర్చునేది బాటసారులూ, పిల్లల తల్లులూ.

ఆ రోజు దోసకాయ పప్పు. పెద్దవాడైన యతిరాజయ్య ముద్ద నోట్లో పెట్టుకుని ముఖం చిట్లించాడు. కటిక చేదుగా ఉంది వెంకోబూ, పిల్లలకు పెడితే వాంతులవుతాయి, తీసెయ్యి అన్నాడు.

ఇది ఎప్పుడన్నా జరిగేదే. వెంకోబు నొచ్చుకుంటూ గిన్నె తియ్యబోయాడు. అంతలో స్వామి గొంతు పెద్దదైంది. దేవుడికి పెట్టినదానికి వంక పెడతావా, విస్తరి తీసుకుని వసారాలోకి పో అన్నారు. ఆయన అలా మాట్లాడగా అక్కడ ఎవరూ ఎన్నడూ వినలేదు. ముసలాయన పప్పు కారకుండా చూసుకుంటూ విస్తరి పట్టుకుని బయటికి నడిచాడు.

స్వామి యతిరాజయ్య పక్కన కూర్చున్నవాణ్ణి పప్పు ఎలా ఉందని అడిగారు. బాగుందన్నాడు. తరవాతివాడు దివ్యంగా ఉందన్నాడు. తర్కంలో ఉద్దండుడని పేరున్న ఇంకొకడు, దోసకాయకు కాస్త చేదే అందమని సిద్ధాంతం కూడా చేశాడు. కేదారి వంతు వచ్చింది. పప్పు నాలికను కొరికేస్తోంది. గుమ్మంలోంచి చూస్తే వసారాలో ఒంటరిగా కూర్చున్న యతిరాజయ్య వీపు కనిపిస్తోంది. ఇవాళ స్వామికి కోపం తెప్పిస్తే రేపు తనకు దారి చెప్పే దిక్కెవరు?

"బాగుంది, స్వామీ," అన్నాడు కేదారి, మింగి.

వెంకోబు ముఖం విప్పారింది. పాపం, అతనికి తెలిసే దారి మరొకటి లేదు. గిన్నె ఎత్తుకుని ఎదుటి పంక్తికి వెళ్ళాడు. అక్కడ మొదటి విస్తరి ముందు ఒక తల్లి, ఆమె ఒళ్ళో బక్కపలచని పిల్ల. ఆమె పప్పు కలిపి, ఊది, చిన్న ముద్ద చేసింది. ఎవరైనా చెబుతారేమోనని కేదారి పక్కవాళ్ళకేసి చూశాడు. వాళ్ళూ అలాగే ఒకళ్ళకేసి ఒకళ్ళు చూసుకుంటున్నారు, చూపులు కలవగానే విస్తళ్ళలోకి తలలు దించుకుంటున్నారు. పిల్ల నోరు తెరిచింది.

"పెట్టకమ్మా. చేదది," అంటూ కేదారి ఎంగిలి చేత్తోనే లేచి పంక్తి దాటాడు. తల్లి చెయ్యి ఆగిపోయింది. స్వామి కూడా అప్పటికే సగం లేచి, ఆ పిల్లకేసి చెయ్యి చాచి ఉన్నారని అతను అప్పుడు చూశాడు.

వెంకోబు గిన్నె కిందపెట్టి నెత్తి కొట్టుకున్నాడు. ఇందాక బాగుందన్నావు గదయ్యా, నీ మాట నమ్మే గదా పసిబిడ్డకు వడ్డించానన్నాడు. రేపు సభలో చెప్పమన్న అబద్ధాన్ని కేదారి, జవాన్లెవరూ లేకుండానే, ఇవాళే చెప్పేశాడు. సిగ్గుతో చచ్చిపోయాడు.

స్వామి వసారాలోకి వెళ్ళి యతిరాజయ్యకు చేతులు జోడించి, ఆయన పక్కనే కటిక నేలమీద కూర్చున్నారు. కేదారి వెనకే వెళ్ళి నిలబడ్డాడు. అన్న గతి ఏమవుతుందోనన్న దిగులు తగ్గలేదు. నన్నూ బయటికి పంపేస్తారని భయపడ్డాను స్వామీ, లోపలున్న అందరి భయమూ అదేనన్నాడు.

"నేను లేపింది ఒక్కణ్ణే గదా, నాయనా," అన్నారు స్వామి. "పంక్తంతా లేచొచ్చి ఇక్కడ కూర్చుంటే, లోపల నేనెవరికి స్వామిని?"