గుర్రాలకు పచ్చిక

కొండలనూ పొలాలనూ నీటిరంగుల్లో గీయడంలో పైడయ్యను మించినవాడు ఆ సీమలో లేడు. వరసగా రెండేళ్లు వానల్లేక పొలాలు బీటలు వారినా, జగ్గరాజు దొర రైతుల ముక్కుపిండి శిస్తు వసూలు చేశాడు. అంతలో రాజుగారు వస్తున్నారని తెలిసి పైడయ్యను పిలిపించాడు.

"మన పొలాలూ పచ్చిక బయళ్లూ పచ్చగా ఉన్నట్టు గియ్యి. కరువని నోరు జారావో, చేతులు విరిచేస్తా!"

ఊరివాళ్ల ఆకలి తలుచుకుంటూనే పైడయ్య పచ్చరంగు కలిపాడు.

చీకటి పడ్డాక దొర ఇంటికి చేరిన రాజు బొమ్మ చూసి మురిసిపోయాడు. "నిజంగా ఇలాగే ఉందా?"

"గడ్డిపరక కూడా తేడా లేదు ప్రభూ!" అన్నాడు దొర.

పైడయ్య చేతులు కట్టుకుని, "ప్రభూ, తమ వెంట వచ్చిన ఐదొందల గుర్రాలూ అలిసిపోయాయి. నెల్లాళ్లు వాటిని ఈ పచ్చికలోనే మేయనివ్వండి" అన్నాడు.

"భేష్! ఇప్పుడే తోలించండి" అన్నాడు రాజు.

దొర, "ప్రభూ, ఆ పచ్చిక బొమ్మలోనే ఉంది!" అంటూ కాళ్లమీద పడ్డాడు.

రాజు శిస్తు రద్దుచేసి, దొర గాదెలు ఊరికోసం తెరిపించాడు. ఆపైన, "ముందే నాతో చెప్పొచ్చుగా?" అని పైడయ్యను అడిగాడు.

"నా మాటైతే దొరగారు అబద్ధమని కొట్టిపారేసేవారు ప్రభూ. ఆకలేసిన గుర్రం సకిలిస్తే కాదనడం ఎవరి తరం?"