తిమ్మభూపాలుడి అంగరఖా

ఇందుగల్లు రాజావారికి ఒక కోరిక పుట్టింది. తన ముత్తాత తిమ్మభూపాలుడు పట్టాభిషేకం రోజున తొడుక్కున్న అంగరఖాని ఈ దసరా దర్బారుకి తాను తొడుక్కోవాలని.

ఆయనకి కోరిక పుడితే తీరేదాకా కోటలో ఎవరికీ కుదురుండదు. రాజవస్త్రాల పెట్టెలన్నీ కోదండపాణి పంతులు చేతికింద ఉండేవి. ఆయన రెండు నెలలు గడువడిగి, చివరికి ఒక అంగరఖాని వెండి పళ్లెంలో పెట్టుకుని దర్బారుకి వచ్చాడు. ఎర్ర మఖమలు, జరీ అంచు, ఎక్కడా చిన్న చిరుగైనా లేదు. మెడ లోపలివైపు, అస్తరు గుడ్డ మీద ఒక పేరు పట్టీ. దానిమీద వెలిసిపోయిన దారంతో ‘తిమ్మభూపాల ప్రభువుల పట్టాభిషేకమునకు’ అని కుట్టి ఉంది.

రాజావారు మురిసిపోయారు. తొడుక్కుని చూస్తే భుజాల దగ్గర కాస్త బిగుతుగా ఉంది. ఆస్థాన దర్జీ లింబాద్రికి కబురు వెళ్లింది.

లింబాద్రి వచ్చి అంగరఖాని తిరగేశాడు. కుట్టు వెంట బొటనవేలు నడిపాడు. నడుస్తున్న వేలు ఒకచోట ఆగిపోయింది.

"ఏం చూస్తున్నావు?" అన్నారు రాజావారు.

"దీని వయసు చూస్తున్నాను ప్రభూ. ఇది ముత్తాతగారిది కాదేమోననిపిస్తోంది."

పంతులు నవ్వాడు.

"మెడలో ఇంత పేరు రాసుంటే మన దర్జీకి కనబడలేదు. లింబాద్రీ, దీన్ని కుట్టింది మీ ముత్తాత. కాదన్నావంటే ఆయన్నే కాదన్నట్టు."

ఆ మాట లింబాద్రికి ఎక్కడో గుచ్చుకుంది. ముత్తాత నలభై రోజులు కూర్చుని ఆ అంగరఖా కుట్టాడనీ, తిమ్మభూపాలుడు మెచ్చి సొంత చేతులతో కత్తెర ఇచ్చాడనీ వాళ్లింట్లో అందరూ చెప్పుకుంటారు. ఆ కత్తెర ఇప్పటికీ లింబాద్రి నడుముకే ఉంది. అవును, ఇదే అని ఒక్క మాట అనేస్తే ఎంత హాయి. కానీ వేలికి తెలిసింది నోరు ఎలా దాచిపెడుతుంది?

"సరే," అన్నారు రాజావారు. "నిరూపించు. నెగ్గితే అడిగింది ఇస్తాను. ఓడితే నీ నడుముకున్న కత్తెరా, ఈ కొలువూ పంతులు బావమరిదికి ఇచ్చేసి ఇంటికి పో."

వెనక వరసలో పంతులు బావమరిది కండువా సర్దుకున్నాడు. ఊళ్లో అతనికీ ఒక కుట్టు దుకాణం ఉంది.

"చూడండి ప్రభూ. కుట్లన్నీ ఒకే కొలత. పైనొక దారం, కిందొక దారం. ఇది మిషను కుట్టు. మన ఊరికి మిషను వచ్చి పన్నెండేళ్లే."

పంతులు దీనికి సిద్ధంగానే ఉన్నాడు. "మీ ముత్తాత చెయ్యి పడితే మిషనైనా సిగ్గుపడాలి. ఆ పనితనం నీకు రాలేదని ఆయన్ని తక్కువ చేస్తావా?"

సభలో తలలు ఊగాయి. రాజావారి తల కూడా ఊగింది. పోయిన మనిషి వచ్చి సాక్ష్యం చెప్పడు కదా. ఈ దారిన వెళితే ఓటమి ఖాయం. అందుకని లింబాద్రి చేతులు కట్టుకుని వినయంగా అడిగాడు.

"పంతులుగారు అన్నారంటే అయ్యే ఉంటుంది. నాకు కుట్టు తెలుసు గాని చరిత్ర తెలియదు. ఈ పేరు పట్టీ ఎప్పుడు కుట్టారో కూడా సెలవిస్తారా?"

పంతులు మీసం దువ్వుకున్నాడు. "అంగరఖా కుట్టిన రోజునే. అదే చెయ్యి, అదే సూది. ఆనాటినుంచి ఈ పూట వరకూ పట్టీ ఆ మెడని వదల్లేదు. నా మాటగా రాసుకో."

లింబాద్రి రాజావారి అనుమతి తీసుకుని నాలుగు కుట్లు విప్పి, పట్టీ ఒక మూల ఎత్తాడు.

"చెమట తగిలిన చోట ఏళ్లు గడిచేకొద్దీ అస్తరు రంగు పోతుంది ప్రభూ. పట్టీ కింద దాక్కున్న చోట పోదు. నూరేళ్లు ఇక్కడే ఉంటే దీని కింద ముదురు రంగు గడి ఒకటి ఉండాలి."

రాజావారు వంగి చూశారు. కిందా పక్కనా ఒకటే రంగు.

"ఇప్పుడు పట్టీ అంచు చూడండి. సూది బెజ్జాలు రెండు వరసలు. ఒక వరస ఈ అంగరఖాతో సరిపోతోంది. రెండో వరసకి ఇక్కడ జోడీ లేదు. ఈ పట్టీ ఇంతకుముందు ఇంకో మెడ మీద ఉండేది."

"అయితే పట్టీ నకిలీదా?"

"కాదు ప్రభూ. అది నిజంగా నూరేళ్లది. ప్రతి అక్షరం చివరా మా ముత్తాత వేసే ముడి ఉంది."

"మరి అంగరఖా?"

"దానికి రెండు నెలలు కూడా నిండలేదు. పంతులుగారు గడువడిగింది అందుకే."

రాజావారు నుదురు రుద్దుకున్నారు. "పట్టీకి నూరేళ్లు, అంగరఖాకి రెండు నెలలు. ఒకే బట్టకి రెండు వయసులు ఎలా ఉంటాయయ్యా?"

"మునిమనవడికి ముత్తాత పేరు పెట్టినట్టు ప్రభూ. పేరు పాతదే, పిల్లాడే కొత్త."

మొదట, రాణివాసం వాళ్లు కూర్చున్న తెర వెనకనుంచి రాజమాత నవ్వు వినబడింది. తరవాత రాజావారు, ఆ తరవాత సభంతా.

పంతులు రాజావారి కాళ్ల మీద పడ్డాడు. "పురుగు తినేసింది ప్రభూ. రెండేళ్లుగా పెట్టె తెరవలేదు. భయపడి మా బావమరిది చేత కొత్తది కుట్టించాను."

పెట్టె అడుగునుంచి అసలు అంగరఖా తెప్పించారు. జల్లెడలా ఉంది. మెడ లోపల మాత్రం ముదురు రంగు గడి స్పష్టంగా కనబడుతోంది. లింబాద్రి దానిమీద పట్టీని ఆనించాడు. బెజ్జానికి బెజ్జం కలిసింది. కాసేపటిదాకా అతను చెయ్యి తియ్యలేదు.

"ఏం కావాలో అడుగు," అన్నారు రాజావారు.

"దీన్ని నాకు అప్పగించండి ప్రభూ. దసరాలోగా బాగుచేసి మీ భుజాలకి సరిచేసి ఇస్తాను."

రాజావారు అంగరఖాతో పాటు వస్త్రాల గది తాళాలు కూడా అతని చేతిలో పెట్టించారు.

"మరి నేను ప్రభూ?" అన్నాడు పంతులు, ఖాళీ పళ్లెం పట్టుకుని.

"నువ్వు రోజూ పొద్దున్నే పెట్టెలు తెరిచి బట్టలు ఎండలో వెయ్యి. సాయంత్రం మడతపెట్టు."

లింబాద్రి తాళాల గుత్తి నడుముకి దోపుకుంటూ పంతులు వైపు తిరిగాడు.

"వేపాకు నేను పంపిస్తాను పంతులుగారూ. ఎండలో కాపలా మాత్రం తమరే కాయాలి."

దర్బారు మళ్లీ ఘొల్లుమంది.