గిల్బర్టు రాజుగారి దగ్గు

అనగనగా ఒక ఊళ్ళో... ఊరంటే మన తణుకు లాంటి ఊరు కాదే లాస్యా, లండన్. చుట్టూ సముద్రం ఉన్న ఒక చలి దేశానికి రాజధాని. ఎండ కాసిందంటే ఆ రోజు వాళ్ళకి పండగే. కాళ్ళు దుప్పట్లో పెట్టుకో, చెబుతాను. ఆ ఊళ్ళో ట్యూడర్లని ఒక రాజుల వంశం ఉండేది.

హైస్కూల్లో సాంఘికం చెప్పి చెప్పి గొంతు అరగదీసుకున్న అమ్మమ్మని, నాకు తెలీదా వాళ్ళ సంగతి? పుస్తకాల్లో ఆ ట్యూడర్ల కుర్రరాజు ఒకడు మూతిమీద మీసమైనా రాకుండానే జబ్బుచేసి పోయాడు. తల్లి లేని పిల్లాడు. ఆ పాఠం చెప్పినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోయేది. అందుకని ఇంకో రాజుని నేనే పుట్టించుకున్నాను. వీడి పేరు గిల్బర్టు. రేపు బడికెళ్ళి మీ టీచరుగారిని అడక్కు, ఏ పుస్తకంలోనూ ఉండడు. మన ఇంట్లో పుట్టుంటే గిల్లిబాబూ అని పిలుచుకునేవాళ్ళం.

ఆ గిల్బర్టు వాళ్ళ నాన్న మహా కోపిష్ఠి. అంత మనిషికీ చావంటే చచ్చేంత భయం. అందుకని ఒక చట్టం చేశాడు. రాజుకి జబ్బని గానీ, రాజు పోతాడని గానీ ఎవరైనా నోటితో అన్నారా, తల తీసేయడమే. మనవాళ్ళూ అలాంటి మాటంటే ఊరుకోరులే. అలా అనకు, పైన తథాస్తు దేవతలుంటారు అని నోరు మూయిస్తారు. అయితే మనవాళ్ళు తలలు తీయరుగా.

ఆ తర్వాత ఏమైంది? ఆయనే మంచాన పడ్డాడు. వైద్యులు రోజూ వచ్చి, ప్రభువులు రాయిలా ఉన్నారు అని చెప్పి వెళ్ళేవారట. అలా రాయిలా ఉంటూ ఉంటూనే ఒక పొద్దున్న పోయాడు. ఆయన పోయాడు గానీ చట్టం పోలేదు. దాన్ని తీసేద్దామని నోరు తెరిచేవాడెవడు?

అప్పుడు గిల్బర్టుని రాజుని చేశారు. పాపం, నీ అంత ఉంటాడేమో అప్పటికి. కిరీటం చెవుల మీదికి జారిపోయేదట. మేనమామ రోలండు వాణ్ణి పెంచాడు. రోలండు చెడ్డవాడు కాదు తల్లీ, మేనల్లుడంటే ప్రాణం. వట్టి భయస్తుడు, అంతే.

పిల్లాడు పెరిగాడు, పొడుగయ్యాడు, ఒక చలికాలం దగ్గు పట్టుకుంది. మామూలు దగ్గు కాదు. రాత్రంతా దగ్గి దగ్గి పొద్దున్నకి దుప్పటి తడిసిపోయేది. బుగ్గలు లోపలికి పోయాయి. అన్నం ముట్టడు. వాళ్ళది అన్నం కాదులే, రొట్టె. రొట్టె ముట్టడు.

అప్పుడు మొదటి వైద్యుడు వచ్చి చూశాడు. ఎదిగే వయసు కదా, అలాగే ఉంటుంది అన్నాడు. రెండో వైద్యుడు వచ్చి, నిన్న ద్రాక్షపళ్ళు పుల్లగా ఉన్నట్టున్నాయి అన్నాడు. మూడోవాడు ముసలాయన, పెద్ద వైద్యుడు. ఆయన చాలాసేపు వీపుమీద చెవి ఆనించి విన్నాడు. విని, కళ్ళు తుడుచుకుని, ప్రభువుల దగ్గు కూడా ఎంత గంభీరంగా ఉందో అని చెప్పి వెళ్ళిపోయాడు. నవ్వుతావేమే? అక్కడ నువ్వున్నా అదే అనేదానివి, మెడ మీద తల ఉండాలిగా.

ఇంకా ఘోరం చెప్పనా? జబ్బు లేదన్నాక మంచం ఎందుకు? జబ్బు లేనివాడు పొద్దున్నే లేచి సభకి రావాలి. మంచులో గుర్రమెక్కి వేటకి వెళ్ళాలి. రాత్రి విందులో అందరూ లేచేదాకా కూర్చోవాలి. నాలుగు రోజులు పడుకుంటానని వాడు అడగలేడు, పడుకోమని ఎవరూ చెప్పలేరు. అలా ఆ పిల్లాడు తిరుగుతూ తిరుగుతూనే కరిగిపోతున్నాడు.

రోలండు మామకి గుండెల్లో రాయి పడింది. ఏంచేయాలో తోచలేదు. తోచనప్పుడు పెద్దవాళ్ళకి ఏం తోస్తుందో తెలుసా? పెళ్ళి. పెళ్ళి చేసేస్తే అన్నీ సర్దుకుంటాయి అన్నాడు మామ. ఎవరూ పైకి అనలేదు గానీ, ఒక వారసుణ్ణి చూసుకోవాలనే కంగారు అందరికీ లోపల ఉంది.

ఆ కాలంలో పెళ్ళిచూపులంటే ముందు బొమ్మ పంపాలి. చిత్రకారుణ్ణి పిలిచారు. వాడు గిల్బర్టు బుగ్గలకి రెండు యాపిల్ పళ్ళంత ఎరుపు అద్ది, భుజాలు వెడల్పు చేసి వేశాడు. వాడికీ తల ఉంది కదా. ఆ బొమ్మలు మూడు దేశాలకి వెళ్ళాయి. రాజుగారు కాస్త తీరిక లేకుండా ఉన్నారు, అమ్మాయే వచ్చి చూసుకోవచ్చు అని కబురు కూడా వెళ్ళింది.

మొదట బ్లాంష్ అని ఒక రాజకుమారి వచ్చింది. మంచి సొగసైన పిల్ల. గుమ్మంలోనే గిల్బర్టుని చూసి ఆగిపోయింది. తర్వాత తేరుకుని, బొమ్మలోకంటే బాగున్నారు అంది. మర్నాడు వాళ్ళమ్మకి ఒంట్లో బాగాలేదని కబురొచ్చిందట, ఓడెక్కి వెళ్ళిపోయింది. వాళ్ళమ్మ దుక్కలా ఉంది, నన్నడుగు.

ఆ తర్వాత ఉర్సులా వచ్చింది. కాస్త పెద్దది, గడుసుది. ఆమె కూడా చూసింది, అర్థం చేసుకుంది, అయినా వెళ్ళలేదు. కోటంతా తిరిగి, ఎండ తగిలే గదులు నాకేనా, ఏం జరిగినా అవి నావేనా అని మామని మెల్లిగా అడిగింది. ఏం జరిగినా అన్న మాట గిల్బర్టు చెవిన పడింది. అప్పటిదాకా వాడికి లోపల ఏదో అనుమానం. ఆ రోజు తెలిసిపోయింది, తను పోతాడని అందరికీ తెలుసని. ఎవరికి చెప్పుకుంటాడు తల్లీ? గోడవైపు తిరిగి ఏడ్చుకున్నాడు. ఈ సంబంధం వద్దు మామయ్యా అని మాత్రం అన్నాడు.

మూడోది సిగ్రిడ్. ఉత్తరాన చిన్న దీవి వాళ్ళది. రాజుగారి కూతురే అయినా చేపల వాసనొస్తుందని మన లండన్ రాణివాసం వాళ్ళు మూతులు తిప్పుకున్నారట. ఆ పిల్లకి ఒక తమ్ముడు ఉండేవాడు. ఇదే దగ్గు వాడికీ వచ్చింది. అమ్మ బెంగపెట్టుకుంటుందని ఇంటిల్లిపాదీ దాచారు. వాడి చేత వలలు లాగించారు, పడవలెక్కించారు, అందరితో పాటే తిప్పారు. వాడు పోయాక వాళ్ళమ్మ అడిగిందట, నాతో ఒక్క మాటంటే వాణ్ణి నా పక్కలో పడుకోబెట్టుకునేదాన్ని కదా అని. ఆ మాట సిగ్రిడ్ మనసులో అలాగే ఉండిపోయింది.

వచ్చిన రాజకుమారితో మొదటి నాట్యం రాజే చేయాలి, అది అక్కడి ఆచారం. వాద్యాలు మొదలయ్యాయి. గిల్బర్టు చెయ్యి పట్టుకోగానే కాలిపోతున్న పెనం మీద చెయ్యి పెట్టినట్టనిపించింది ఆ పిల్లకి. రెండు చుట్లు తిరిగారు. వాడికి దగ్గు తెర వచ్చింది. రుమాలు అడ్డం పెట్టుకున్నాడు, దాని మీద నెత్తురు. సభంతా చూసింది. చూసి, ఏం చేశారనుకున్నావు? చప్పట్లు కొట్టారు. దగ్గుతూ కూడా అడుగు తప్పలేదని.

అప్పుడు సిగ్రిడ్ నాట్యం ఆపేసింది. అంతమందిలో నేలమీద చతికిలబడి, వాణ్ణీ చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. వాడి మొహంలోకి చూసి చెప్పింది:

"నీకు పెద్ద జబ్బు చేసింది. ఇలాగే తిరిగితే చచ్చిపోతావు. వెళ్ళి పడుకో."

వాద్యాలు ఆగిపోయాయి. అనకూడని మాట అననే అంది. పైగా రాజుని పట్టుకుని నువ్వు అంది. రోలండు మామ వణికిపోతూనే భటుల్ని పిలిచాడు, చట్టం చట్టమే కదా. సిగ్రిడ్‌ని తీసుకెళ్ళి బురుజులో పెట్టారు. ఆ పిల్ల వెళుతూ కూడా వెనక్కి తిరిగి, నుదుటి మీద తడిగుడ్డ వెయ్యండి అని చెప్పిందట.

గిల్బర్టు ఆ నేలమీదే పడిపోయాడు. మోసుకెళ్ళి పడుకోబెట్టారు. ఎన్నాళ్ళకో వెన్ను మంచానికి ఆనింది. మర్నాడు రోలండు తీర్పు కాగితం పట్టుకొచ్చాడు. రాజు సంతకం పెడితే సిగ్రిడ్ తల పోతుంది. పెట్టకపోతే చట్టం తప్పినవాడవుతాడు, రాజే చట్టం తప్పితే అతణ్ణి దింపేయడానికి కాచుకుని కూర్చున్నవాళ్ళు అక్కడ బోలెడుమంది. గిల్బర్టు ఆ కాగితం చూశాడు. అందర్నీ పిలవండి అన్నాడు.

అందరూ వచ్చారు. వాడు లేవలేదు, పడుకునే మాట్లాడాడు.

"ఆ అమ్మాయి నేను చచ్చిపోతానంది. నేనూ అదే అంటున్నాను. మా తాత పోయాడు, మా నాన్న పోయాడు, నేనూ పోతాను. మాటన్నందుకు తల తీయాలంటే ముందు నాది తీయండి. ఆ తర్వాత ఆ అమ్మాయి సంగతి చూద్దురుగాని."

ఎవరు తీస్తారు? చట్టం రాజుని కాపాడటానికే కదా చేసింది. మంత్రులు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

అప్పుడు రోలండు మామ మంచం దగ్గర కూలబడ్డాడు. నాకు చలికాలం నుంచీ తెలుసు నాన్నా అన్నాడు. భయపడ్డాను, నీకంటే నా తలే ఎక్కువనుకున్నాను అని వాడి పాదాలు పట్టుకుని ఏడ్చేశాడు. అది చూసి ముసలి వైద్యుడు ముందుకొచ్చాడు. ప్రభూ, ఊపిరితిత్తులు పాడయ్యాయి, విశ్రాంతి తీసుకోకపోతే కష్టం, తీసుకుంటే ఆశ ఉంది అన్నాడు. ఆ తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. మూసిపెట్టిన నోళ్ళన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. గిల్బర్టుకి కోపం రాలేదు. హమ్మయ్య అనిపించింది. ఇన్నాళ్ళూ ఒక్కడే మోశాడు కదా పిచ్చితండ్రి.

ఆ పూటే చట్టం కొట్టేశారు. సిగ్రిడ్‌ని బురుజులోంచి తీసుకొచ్చారు. గిల్బర్టుని ఎండ పడే పల్లెటూరికి పంపించారు. కిటికీలు తెరిచారు. మేకపాలు, మాంసం రసం, తేనె. సభ లేదు, వేట లేదు, విందు లేదు. సిగ్రిడ్ పక్కన కూర్చుని, ఇవాళ బాగున్నావనో, ఇవాళ బాగాలేవనో ఉన్నది ఉన్నట్టు చెప్పేది. బాగాలేవన్న రోజులు చాలానే వచ్చాయి. ఒక రోజైతే ముసలి వైద్యుడు కూడా ఆశ వదిలేసుకున్నాడు. ఆ రోజు కూడా వాడికి చెప్పారు, దాచలేదు. వాడు రోలండు మామ చెయ్యి పట్టుకుని నిద్రపోయాడు. పొద్దున్న కళ్ళు తెరిచాడు. మెల్లిమెల్లిగా దగ్గు తగ్గింది. బుగ్గలు నిండాయి. బతికాడే లాస్యా, నా గిల్లిబాబు బతికాడు.

ఒక రోజు కొండెక్కి దిగి వచ్చి, నన్ను పెళ్ళి చేసుకుంటావా అని సిగ్రిడ్‌ని అడిగాడు. ఆ పిల్ల వాడి చేతికి గిన్నె ఇచ్చి, ముందు ఇది తాగు, ఇంకా సన్నగానే ఉన్నావు, వచ్చే ఏడాది అడుగు అంది. వాడు వచ్చే ఏడాది అడిగాడు. అప్పుడు సరేనంది. పెళ్ళిలో రోలండు మామ ఎంత ఏడ్చాడంటే, పెళ్ళికూతురి తరఫువాడనుకున్నారట అందరూ.

ఏంటే? తర్వాత గిల్బర్టు పోలేదా అంటావా? పోయాడమ్మా. నెరిసిన గడ్డంతో, మనవల మధ్యన, ఇక చాలనుకున్నప్పుడు పోయాడు. ముందే అందరికీ చెప్పాడు, అందరూ వచ్చి పక్కన కూర్చున్నారు.

ఏమిటి గొణుగుతున్నావు? నా వైపు తిరిగి అడుగు. ఆఁ, నేనా?

నేనూ పోతాను నా తల్లీ. ఎవరూ మిగలరు. మీ అమ్మ వింటే నన్ను తిడుతుంది గానీ, నువ్వడిగితే నేను అబద్ధం చెప్పను. ఇప్పుడైతే బాగానే ఉన్నాను, మోకాళ్ళే కాస్త నొప్పి. ఎప్పుడైనా బాగాలేకపోతే నీకే ముందు చెబుతాను. అప్పుడు నువ్వు వచ్చి నా పక్కలో పడుకుందువుగాని, ఇప్పుడు పడుకున్నట్టే. సరేనా? కళ్ళు తుడుచుకో. ఇంకా దగ్గరికి రా.

కథ చేరె కంచికి,
రాజు చేరె కోటకి,
నిద్ర చేరె కంటికి,
పాప చేరె అమ్మమ్మ ఒడికి.