సైదాబీ బిందె

యల్లమంద మాస్టారిని ప్రశ్న అడగడమంటే పని నెత్తికెత్తుకోవడమే. జవాబు చెప్పరు, ఎక్కడికో పంపుతారు. అది తెలిసీ ఇంటర్ మొదటి సంవత్సరం సలోమి అడిగేసింది. అడక్కేం చేస్తుంది పాపం! సోషియాలజీ మానేసి కామర్స్‌కు మారే అర్జీ చేతిలో ఉంది, దాని మీద మాస్టారి సంతకం కావాలి, గడువు శనివారం. మాస్టారు చెప్పే సోషియాలజీ అంటే కాలేజీలో చేరిన కొత్తలో ఆమెకు ప్రాణం. ఇప్పుడు నమ్మకం పోయింది. అదే ఆమె బాధ.

“కట్టుబాట్లు, కట్టుబాట్లు అని బట్టీ పడుతున్నాం. కంటికి కనపడనివి ఉన్నాయని ఎలా నమ్మను సార్?”

మాస్టారు అర్జీని మడిచి జేబులో పెట్టుకున్నారు. “రేపు పొద్దున మీ వీధి పంపు దగ్గర ఏం జరిగిందో రాసుకురా. రాస్తున్నానని నీళ్లు పట్టడం మానొద్దు.”

ఇదెక్కడి గోల అనుకుంటూనే వెళ్లింది సలోమి. ఆ వీధిలో ఆడవాళ్లు తెల్లారగానే పంపు ముందు బిందెలు వరసపెట్టి ఇళ్లకు పోతారు. బిందె ఉంటే మనిషి ఉన్నట్టే. నీళ్లు వదలగానే అందరూ వచ్చారు, ఒక్క సొట్టబిందె మనిషి తప్ప. అది సైదాబీది. కాలు విరిగి మంచాన పడి నెల దాటింది. పక్కింటి నాగరత్తమ్మ ఆ బిందెను తన బిందెతోపాటు తెచ్చి వరసలో పెడుతోంది. ఆ పూట వంతు కోసం ఇద్దరు జుట్లు పట్టుకోబోయారు. అంత తగువులోనూ సొట్టబిందెను దాటి ఎవరూ తమది పెట్టలేదు. దాని వంతు రాగానే ఆ తగువులాడిన ఇద్దరిలో ఒకావిడే నింపి, సైదాబీ గడపలో దించి వచ్చింది.

“నింపమని ఎవరు చెప్పారు పిన్నీ?” అని సలోమి అడిగితే నాగరత్తమ్మ బుగ్గలు నొక్కుకుంది.

“ఒకళ్లు చెప్పాలంటే? చోద్యం కాకపోతే!”

సలోమి కాలేజీకి వచ్చి పదకొండు మంది పేర్లూ, ఎవరేం చేశారో అదీ గడగడా చదివింది. మాస్టారు తలూపుతూ విన్నారు.

“నీ బిందె ఎక్కడుందమ్మా?”

“సైదాబీ బిందె వెనకే సార్.”

“వరస కదిలినప్పుడల్లా ఆమె బిందెను ముందుకు జరిపిందెవరు?”

సలోమి నోటుపుస్తకం తిరగేసింది. ఎక్కడా లేదు. ఉన్నట్టుండి నాలుక కరుచుకుని పకపకా నవ్వేసింది.

“ఛ! నేనే సార్! రోజూ నేనే జరుపుతున్నా. ఊరందరివీ రాశాను గానీ నా పేరే లేదు చూడండి!”

ఆ పిల్ల మొహం అలా వెలగడం చూసి మాస్టారికీ నవ్వొచ్చింది. జేబులోంచి అర్జీ తీసి కలం మూత విప్పారు.

“సంతకానికేం, ఇప్పుడే పెడతాను. నిన్ను జరపమన్నదెవరో ఒక్కటి చెప్పు.”