పైడిరాజు ఆడిన సీజన్

ఏదైనా అడిగితే సోమలింగం మాస్టారు వెంటనే జవాబు చెప్పరు. ముందు వంగి బూట్ల లేసులు వదులు చేసుకుంటారు. లేసులు వదిలాయంటే ఇక అరగంట కదలరని అర్థం. నలభై ఏళ్ళు కాలేజీ కుర్రాళ్ళకి బాస్కెట్‌బాల్ నేర్పిన మనిషి. రిటైరయ్యాక కూడా సాయంత్రం పూట కోర్టు పక్కనే కనిపిస్తారు. ఒకప్పుడు ఆయన జట్టులో ఆడినవాణ్ణి కాబట్టి నేనూ అప్పుడప్పుడు వెళ్ళి పక్కన కూర్చుంటాను.

ఆ రోజు కిరీటి వచ్చాడు. మాస్టారి దగ్గరే ఆట నేర్చుకుని, ఇప్పుడు అదే కాలేజీలో పీడీగా, అంటే ఆటల మాస్టారుగా చేరినవాడు. కాసేపు అవీ ఇవీ మాట్లాడి అసలు సంగతిలోకి దిగాడు.

"మాస్టారూ, బయటి నుంచి ఒక మంచి ఆటగాడు దొరికాడు. స్టూడెంటు కాదు. మన జట్టులో పన్నెండో వాడి పేరు మీద ఆడించేద్దామని ఉంది. ఆ పన్నెండో వాడు ఎలాగూ బెంచీ మీంచి లేవడు. అన్ని చోట్లా చేస్తున్నదే. ఇందులో ఎవరికి ఏం నష్టమండీ?"

మాస్టారు తప్పనలేదు, ఒప్పనలేదు. లేసులు వదులు చేసుకుని, "మనమూ ఒకసారి కప్పు గెలిచాం" అన్నారు. పాతికేళ్ళుగా మేమిద్దరం ఎత్తని మాట అది. చెబుతున్నంతసేపూ ఆయన నా వైపు చూడలేదు. ఆయన చెప్పిందీ, నేను కళ్ళారా చూసిందీ కలిపి రాస్తున్నాను.

అప్పట్లో మా జట్టులో పన్నెండో వాడు పైడిరాజు. పొడవు లేదు, వేగమూ లేదు. రోజూ అయిదింటికల్లా కోర్టులో ఉండేవాడు, అంతే. ముందు ఏడాది చిత్తుగా ఓడి ప్రిన్సిపాల్ చేత మాటలు పడ్డ మాస్టారు, ఈసారి సీజన్ మొదలవక ముందే మార్టిన్‌ని తెచ్చారు. మార్టిన్ చదువు ఆపేసి ఉద్యోగం చేసుకుంటున్నవాడు, ఆరడుగుల మూడంగుళాల మనిషి. ఫారం మీద పేరు పైడిరాజుది, ఫోటో మార్టిన్‌ది. మాస్టారు పైడిరాజుని పిలిచి "జట్టు కోసంరా" అన్నారు. వాడు "అలాగే సార్" అన్నాడు. వద్దనే ధైర్యం వాడికి ఎక్కడిది? మిగతా పదకొండు మందిలో ఒక్కడికీ నోరు పెగల్లేదు. నిజం చెప్పాలంటే మాకు సంతోషంగానే ఉంది.

ఇక మ్యాచ్ మీద మ్యాచ్ గెలిచాం. మార్టిన్ బాస్కెట్ వేసినప్పుడల్లా "పైడిరాజూ!" అని అరిచేవాళ్ళం. మొదట్లో నవ్వొచ్చేది, తర్వాత అలవాటైపోయింది. అసలు పైడిరాజు జట్టుతో కూర్చోకూడదు కదా, గ్యాలరీలో జనంలో కలిసి కూర్చునేవాడు.

పేపర్లో జిల్లా పేజీలో పైడిరాజు ఇరవై ఎనిమిది పాయింట్లు చేశాడని పడింది. ఆ పేపరు గజపతినగరంలో దాలయ్య కటింగ్ షాపుకి కూడా వెళ్ళింది. దాలయ్య పైడిరాజు తండ్రి. గడ్డం గీయించుకోవడానికి వచ్చినవాళ్ళు పైకి చదివి వినిపిస్తే, ఆ ముక్క కత్తిరించి అద్దం పక్కన అంటించుకున్నాడట. సెమీఫైనల్ ముక్క దాని కిందే చేరింది. సెలవుకి ఇంటికెళ్ళిన కొడుకు ఆ అద్దం చూసి, ఉన్నమాట చెప్పలేక తిరిగొచ్చేశాడు. ఫైనల్ ఆదివారం పడింది. మంగళవారం తప్ప షాపు మూయని మనిషి, వారం మొత్తంలో గిరాకీ ఎక్కువుండే ఆదివారం నాడు తాళం వేసి, కొడుకుతో కూడా చెప్పకుండా ఫైనల్ చూడ్డానికి బస్సెక్కేశాడు.

అతను చేరేసరికే హాఫ్‌టైమ్ అయింది. నేరుగా మా బెంచీ దగ్గరికొచ్చి మాస్టారికి దణ్ణం పెట్టి, "పైడిరాజు తండ్రినండి బాబూ" అన్నాడు. మా ఖర్మ కొద్దీ అవతలి జట్టు మేనేజర్ అప్పుడే టోర్నమెంటు అధికారిని వెంటబెట్టుకుని వచ్చి ఉన్నాడు, మా పైడిరాజు అసలు స్టూడెంటే కాదని ఫిర్యాదు చేస్తూ. తండ్రినన్న మాట విని అధికారి దాలయ్య వైపు తిరిగి, మార్టిన్‌ని చూపించాడు.

"ఇతను మీ అబ్బాయేనా? బాగా చూసి చెప్పండి. దొంగపేరని తేలితే పైడిరాజుని ఈ ఏడు పరీక్షలు రాయనివ్వరు."

దాలయ్య మార్టిన్‌ని కింది నుంచి పైదాకా చూశాడు. తర్వాత గ్యాలరీలోకి చూశాడు. మూడో వరసలో పైడిరాజు తల దించుకుని కూర్చుని ఉన్నాడు. మాస్టారు ఒక్క మాట అడ్డం చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. మేమూ చెప్పలేదు.

"మా గుంటడేనండి బాబూ" అన్నాడు దాలయ్య.

కప్పు గెలిచాం. మార్టిన్‌ని భుజాల మీదికెత్తుకుని, అలవాటు కొద్దీ "పైడిరాజూ, పైడిరాజూ" అని అరుస్తూ కోర్టంతా తిరిగాం. మోసినవాళ్ళలో నేనొకణ్ణి. ఇది రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది.

ఇక్కడిదాకా నాకు తెలిసిందే. ఆ తర్వాతి ముక్క మాత్రం కిరీటితో పాటు నేనూ మొదటిసారి విన్నాను. జనం పలచబడ్డాక దాలయ్య మాస్టారి దగ్గరికి వచ్చాడట. తిడతాడేమో అనుకున్నారట మాస్టారు. తిట్టినా బాగుండేది. దాలయ్య గొంతు పెంచలేదు. తెలిసినవాళ్ళని సలహా అడిగినట్టు అడిగాడట.

"రేపు షాపుకొచ్చినోళ్ళందరూ అడుగుతారు బాబూ, మీ వోడు ఎలాగ ఆడినాడని. ఏటి సెప్పమంటారు?"

"కప్పు నా చేతిలోనే ఉంది" అన్నారు మాస్టారు. "ఏం చెయ్యాలో తెలియక వీపు వెనక్కి దాచుకున్నాను."

కిరీటి ఇబ్బందిగా కదిలాడు. అయినా తేలిగ్గా వదిలే రకం కాదు వాడు. "అది తండ్రి రాబట్టి వచ్చిన తంటా మాస్టారూ. ఆయన రాకపోయి ఉంటే ఏ గొడవా లేదు. ఆ కుర్రాడికి చదువు పోలేదు, పరీక్షలు పోలేదు. వాడికి పోయిందేముందండీ?"

మాస్టారు వంగి లేసులు బిగించుకోవడం మొదలుపెట్టారు.

"మార్టిన్ ఆ సాయంత్రమే వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున హాజరు పిలిచాను. పైడిరాజు అనగానే అందరూ మార్టిన్ నిలబడే చోటు వైపు తిరిగారు, వీడితో సహా" అని నన్ను చూపించారు. "పైడిరాజు కూడా అటే చూశాడు."