నూకాలు తాబేలుకి పూచీ ఎవరు?

ఏటికి అవతల చెరువులన్నీ ఎండిపోయాక, ఇవతలి అడవికి వలస వచ్చేవాళ్ళు ఎక్కువైపోయారు. ఇవతల ఏడాది పొడుగునా నీళ్ళే. కానీ ఉండిపోవాలంటే ఊరికే కుదరదు. నలభై తామర గింజలు రుసుము కట్టాలి, ఈ అడవివాళ్ళు ఒకరు పూచీ పడాలి. అప్పుడు గుమస్తా వడ్రంగిపిట్ట పెద్ద టేకుచెట్టు బెరడు మీద వాళ్ళ అడుగు గుర్తు చెక్కుతాడు. పౌర్ణమిలోగా గుర్తు పడనివాళ్ళు మూటా ముల్లే సర్దుకుని వెనక్కి పోవాల్సిందే.

నూకాలు అనే తాబేలు ఏరు దాటేసరికి పౌర్ణమి ఇంకా నాలుగు రోజులుంది. కడుపులో గుడ్లున్నాయి. ఎండిన మడుగు పక్కన పెడితే పిల్లలు పుట్టీ పుట్టగానే నీళ్ళు లేక పోతారని దాని దిగులు. ఆకులో మూటకట్టి తెచ్చుకున్నవి యాభై గింజలు.

రేవులో బండ మీద చిట్టెబ్బాయి అనే నక్క కూర్చుని ఉన్నాడు. కొత్తగా వచ్చినవాళ్ళని పలకరించడం అతని పని. ఆ పని అతనికి ఎవరూ అప్పగించలేదు, అది వేరే సంగతి.

“ఎన్ని తెచ్చావు చెల్లెమ్మా?”

“యాభై అన్నయ్యా. రుసుము నలభై అన్నారు.”

“రుసుము నలభయ్యే. ఏరు దాటినందుకు ఐదు, నీ పేరు గుర్తుపెట్టుకున్నందుకు ఐదు, పూచీకి ఇరవై. ఇక్కడివాళ్ళు కొత్త మొహాలకి పూచీ పడరమ్మా. ఉన్నది నేనొక్కణ్ణే.”

నూకాలుకి ఏడుపొచ్చినంత పనైంది. అయినా మూట విప్పలేదు. “ఓసారి ఆ చెట్టు చూసొస్తాను,” అంది.

చెట్టుకి ఒక పూట నడక. తాబేలుకి పోను ఒక రోజు, రాను ఒక రోజు. మిగతావాళ్ళు అంత దూరం ఎందుకని రేవులోనే నక్కకి చెల్లించుకునేవాళ్ళు; నక్క పూచీ అని కబురొస్తే వడ్రంగిపిట్టా మరేం అడక్కుండా చెక్కేసేవాడు. నూకాలు మాత్రం వెళ్ళి, బెరడు మీద చెక్కిన నిబంధనలు చివరిదాకా చదువుకుని మూడో రోజుకి తిరిగొచ్చింది.

“అన్నయ్యా, పూచీ పడేవారి గుర్తు కూడా చెట్టు మీద ఉండాలట. మీరే వచ్చి చూపించండి. పని కాగానే మిగిలిన పదీ మీకే.”

చుట్టూ పదిమంది వింటున్నారు. ఎనిమిదేళ్ళుగా పెద్దన్నా అనిపించుకుంటున్నవాడు, రానని ఏ మొహంతో అంటాడు? పైగా ఎందరికో పూచీ పడీ పడీ, ఆ అడవి తన తాతల నాటిదన్నట్టే ఉంది అతనికి.

“పద. కాస్త తొందరగా నడు.”

తొందరగా నడవడం నూకాలు వల్ల కాదు. పౌర్ణమి నాటి మధ్యాహ్నానికి చేరారు. దారంతా నక్క విసుక్కుంటూనే ఉన్నాడు.

వడ్రంగిపిట్ట చెట్టు మొదలు నుంచి చిటారు కొమ్మ దాకా వెతికాడు. “చిట్టెబ్బాయీ, నీ గుర్తేదయ్యా?”

“సరిగా చూడండి. నేను ఎనిమిదేళ్ళ నుంచీ ఇక్కడే ఉంటున్నాను.”

“ఎక్కణ్ణించొచ్చావు?”

తనూ ఏరు దాటి వచ్చినవాడేనని నక్కకి అప్పుడు గుర్తొచ్చింది.

“పొద్దు వాలేలోగా రుసుమైనా కట్టు, ఏరైనా దాటు,” అన్నాడు వడ్రంగిపిట్ట. “అదిగో వరుస, వెళ్ళి చివర నిలబడు.”

నూకాలు చుట్టూ చూసింది. దొంగ పూచీ పోయింది సరే, అసలు పూచీ ఏదీ? వరుస పక్కన ఓ ముసలి అడవిదున్న నెమరేస్తూ నిలబడి ఉంది. నూకాలు సిగ్గు విడిచి దగ్గరికెళ్ళింది.

“అమ్మా, నాకు మీరు పూచీ పడతారా?”

“దానికేముందే, పడతాను.”

“ఎంత ఇవ్వమంటారు?”

“ఇవ్వడమెందుకు? ఇన్నేళ్ళుగా ఇక్కడే మేస్తున్నాను, ఒక్కళ్ళూ వచ్చి అడగరు. కొత్తవాళ్ళకి మేమంటే గిట్టదనుకున్నాను.”

సాయంత్రానికల్లా బెరడు మీద దున్న గుర్తు పక్కనే తాబేలు అడుగు పడింది. మర్నాడే నూకాలు చెరువు గట్టున గుడ్లు పెట్టింది.

అంతకు ముందు, ఆ పౌర్ణమి సాయంత్రమే, వరుస చివర నిలబడ్డ నక్కకేసి ఒక్కరూ చూడలేదు. నూకాలుకి జాలేసి పక్కన ఆగింది. నక్క గొంతు తగ్గించి అడిగాడు: “చెల్లెమ్మా, నీ గుర్తు పడిందిగా. నాకు పూచీ పడతావా? ఎంత తీసుకుంటావు?”

“ఏమీ వద్దన్నయ్యా,” అంది నూకాలు. “కానీ కొత్తగా గుర్తు పడినవాళ్ళు ఏడాది దాకా పూచీ పడకూడదట. అది కూడా ఆ చెట్టు మీదే రాసుంది. ఆ దున్నమ్మని అడుగు, కాదనదు.”

నీతి: గుమ్మంలో కూర్చున్నవాణ్ణే ఇంటాయన అనుకోకండి, లోపలికి వెళ్ళి అడగండి.